ప్రతిభావంతుల చదువుపై పీహెచ్‌డీ ఎలా?

ప్రశ్న: మాది తనకల్లు. ఎం.ఎడ్. 58 శాతంతో పాసయ్యాను. ప్రతిభావంతులైన పిల్లల చదువు, సృజనాత్మకతపై పీహెచ్‌డీ చేయాలనుంది. పట్టా రావాలంటే ఏమేం పూర్తి చేయాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: మన విశ్వవిద్యాలయాల్లో ఎడ్యుకేషన్ విభాగంలో చేరి, దీన్నే పరిశోధనాంశంగా తీసుకోవాలమ్మా. పీజీలో 55 శాతం ఉండాలి కాబట్టి మీకు అర్హత ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది. నెట్ లేదా ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్, ఆర్నెల్లకోసారి సలహా సంఘం ముందు ప్రగతి నివేదిక, చివర థీసిస్, వైవా పూర్తి చేయాలి. థీసిస్‌ను బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చూస్తారు.

మీ అంశంలో అసలు కష్టం ప్రతిభను కొలవడంలోనే. మీ జిల్లాలోని కొడిగెనహళ్లి గురుకులం, లేపాక్షి నవోదయ పిల్లల్ని ప్రవేశ పరీక్షతో ఎంచుకుంటాయి. 'ఇటుకతో ఏమేం చేయొచ్చు?' అని అడిగితే పది ఉపయోగాలు చెప్పే పిల్ల ఆ పరీక్షలో తప్పిపోవచ్చు. సృజనాత్మకతను కొలిచే గిల్ఫర్డ్, టోరన్స్ పరీక్షలు అలాంటివారి కోసమే. వాటిని మన పల్లె పిల్లలకు తగ్గట్టు తెలుగులోకి మలిచి, ముందు కొద్దిమందిపై ప్రయోగించి చూడండి. నా దృష్టిలో అదే ఒక మంచి థీసిస్ అవుతుంది. దరఖాస్తుకు ముందే ఈ రంగం తెలిసిన గైడ్‌ను కలిసి మాట్లాడండి.