గ్లాసు అంచు గుండ్రమేనా?

సర్కారు బడిలో బొమ్మలు నేర్పడానికి వెళ్తే, మొదటి కాగితం మీద ఏముంటుందో ముందే చెప్పెయ్యొచ్చు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె. ఆ ఊళ్లో కొండే ఉండకపోవచ్చు! పిల్లలు చూసింది గీయట్లేదు, అలవాటైంది గీస్తున్నారు.

అందుకే రంగులు కొనేముందు ఈ పాఠం చెప్పండి. మధ్యాహ్న భోజనం స్టీలు గ్లాసు చాలు. ఒక కన్ను మూసి, గ్లాసు అంచుని సరిగ్గా కంటి ఎత్తులో పట్టుకోమనండి. అంచు అడ్డగీతలా కనిపిస్తుంది. కొంచెం దించితే కోలగా మారుతుంది. నిలువుగా పైనుంచి చూస్తే గుండ్రం. మూడూ గీయించండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మనల్ని ఏడిపించిన దీర్ఘవృత్తం ఆ రెండోదే!

"నాకు బొమ్మలు రావన్నా" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల పెన్సిల్ తీసుకుని మీరు గీసిపెట్టకండి. అలా చేస్తే, రాదన్న మాట నిజమని మనమే ఒప్పుకున్నట్టు. "గ్లాసు మళ్లీ చూడు" అనండి.

దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిన ఆస్వాల్డ్ కూల్డ్రే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. మనం అంతవాళ్లం కాకపోయినా, ఓ గంట పక్కన కూర్చోగలం.

చివర్లో మార్కులొద్దు. మొదటి గ్లాసు, ఆఖరి గ్లాసు పక్కపక్కన పెట్టండి. తేడా వాళ్లే చెప్తారు.