గొంగడి, రెండు బుగ్గలు, ఒక స్కేలు

కూలుంబ్ నియమాన్ని ఇంటర్‌లో అందరం బట్టీ పట్టినోళ్లమే. ఆవేశాన్ని ఎప్పుడైనా కొలిచినమా? మొన్న సంక్రాంతి సెలవుల్లో మహబూబ్‌నగర్ దగ్గరి మా ఊళ్లో నేను కొలిచాను.

బెలూన్లను మేం బుగ్గలంటం. ఒక్కోటి 2 గ్రాములున్న రెండు బుగ్గలు ఊది, దూలానికున్న ఒకే మేకుకు వేలాడదీశాను. మేకు నుంచి బుగ్గ మధ్యకు 75 సెంటీమీటర్లు. రెండింటినీ తాత గొంగడితో ఒకే తీరుగ రుద్దాను. రెండూ రుణావేశమే కాబట్టి ఎడమైనయి. వాటి మధ్యబిందువుల దూరం 30 సెంటీమీటర్లు.

ఇక లెక్క. ఒక్కో బుగ్గ పక్కకు జరిగింది 15. దాన్ని 75తో భాగిస్తే 0.2. కోణం చిన్నది కాబట్టి ఈ నిష్పత్తి చాలు. బుగ్గ బరువు సుమారు 0.02 న్యూటన్లు, 0.2తో గుణిస్తే వికర్షణ బలం 0.004 న్యూటన్లు. 1785లో కూలుంబ్ ఈ బలాన్ని సన్నని తీగ మెలికతో కొలిచాడు. మనం బుగ్గ బరువుతోనే తూచినం. ఆవేశాలు సమానమనుకొని ఆయన నియమంలో పెడితే, ఒక్కోదాని మీద 0.2 మైక్రోకూలుంబులు. అంటే దాదాపు 1.25 లక్షల కోట్ల అదనపు ఎలక్ట్రాన్లు!

బళ్లో వానకాలంలో ఇదే చేస్తే బుగ్గలు కదల్లేదు. నాకు సైన్స్ రాదనుకున్నాను. నిజానికి తేమ పొర మీదుగా ఆవేశం జారిపోయింది, అంతే. ప్రయోగం ఫెయిలైతే మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు, గాలిని ఒకసారి అనుమానించండి.