మస్టాంగ్ ఎవరి గుర్రం?

చి. సహజకు,

మస్టాంగ్ అంటే అడవి గుర్రం అని నోటుబుక్కులో రాసుకున్నావట. తప్పనను గానీ, అక్కడితో ఆగితే అసలు కథ చేజారిపోతుంది. ఆ మాట అడవిలో పుట్టలేదమ్మా, గొర్రెల మందల్లో పుట్టింది.

స్పెయిన్‌లో మెస్తా అని మందల యజమానుల సంఘం ఒకటి ఉండేది. కాస్టీల్ రాజు పదో అల్ఫాన్సో 1273లో దానికి హక్కులు రాసిచ్చాడు. గొర్రెలు చలికాలం దక్షిణానికీ, వేసవిలో ఉత్తరపు కొండలకూ నడిచేవి. దారిలో ఒకరి జీవాలు మరొకరి మందలో కలిసేవి. సంఘం కూడినప్పుడు వాటిని పట్టుకొచ్చి, గుర్తులు చూసి సొంతదారుకు అప్పగించేవాళ్లు. నాదని ఎవరూ రాకపోతే అది సంఘం పాలే. అలాంటి జీవాన్ని మెస్తెన్యో, మెస్తెంగో అన్నారు; మస్టాంగ్ అన్న మాట వచ్చింది అక్కడినుంచే. బందెలదొడ్డిలో పడిన గొడ్డును ఎవరూ విడిపించుకోకపోతే మన ఊళ్లలో వేలం వేసేవారు చూడు, ఇంచుమించు ఆ లెక్కే. అంటే ఇది స్వేచ్ఛను పొగిడే మాట కాదు, దిక్కూమొక్కూ లేని ఆస్తికి పెట్టిన పేరు. కారుకు మస్టాంగ్ అని పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి పట్టినట్టు లేదు!

ఇక గుర్రాల సంగతి. ఉత్తర అమెరికాలో అవి దాదాపు పదివేల ఏళ్ల కిందటే అంతరించాయి. 1519లో స్పెయిన్ సేనాని కోర్తెస్ మెక్సికోకు 16 గుర్రాలతో వచ్చాడు. తర్వాత స్పెయిన్ వాళ్లు తెచ్చినవాటిలో కొన్ని తప్పించుకుని మైదానాల్లో పెరిగాయి. కాబట్టి మస్టాంగులు పెంపుడు గుర్రాల సంతతే. టెక్సాస్‌లో ఇవి ఎవరివన్న తగువు ముదిరింది. 1778లో స్పెయిన్ అధికారి తెయోదోరో దె క్రువా, వాత లేని పశువులన్నీ రాజుగారివేనని, పట్టుకుంటే రుసుము కట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. పశువుల కాపుల కడుపు మండింది. మస్టాంగ్ అన్న మాట ఇంగ్లీషులోకి ఎక్కింది ఇంకా తర్వాత, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో.

1971లో అమెరికా ఈ గుర్రాల రక్షణకు చట్టం చేసింది. ప్రభుత్వ భూముల్లో తిరిగే, వాత లేని, ఎవరూ నాదనని గుర్రాలే దాని లెక్కకు వస్తాయి. మెస్తా గుమాస్తా రాసినా ఇలాగే రాసేవాడేమో. మందలు పెరిగినచోట కొన్నింటిని పట్టి పెంపకానికి ఇస్తారు. ముందు ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన అచ్చును మెడకు ఎడమవైపు అద్దుతారు. అక్కడ మొలిచే వెంట్రుక తెల్లగా వస్తుంది. తీసుకెళ్లినవాళ్లు ఏడాదిపాటు సరిగా సాకాక గానీ యాజమాన్య పత్రం చేతికి రాదు. అప్పటిదాకా గుర్రం ప్రభుత్వానిదే.

ఇట్లు,
తాతయ్య