ఆరోగ్య పాఠం: శనగలతో కారం, తీపి – అమ్మకూ ఒక గుప్పెడు



శ్రావణమాసం వచ్చిందంటే బండారులంకలో ఏ వీధిలో చూసినా నానబెట్టిన శనగలే కనిపిస్తాయి. వాయనంగా వచ్చినవి, ఇరుగుపొరుగు పంచినవి కలిసి కొన్ని ఇళ్ళలో గిన్నెలు నిండిపోతాయి. కొన్ని తాళింపుకు పోతాయి. మిగిలినవి మూడో రోజుకు వాసన వస్తే పెరట్లో పారబోస్తారు. అదే ఇంట్లో పొద్దుటి నుండి కండెలు చుడుతూ కూర్చున్న అమ్మకు "రక్తం తక్కువగా ఉంది" అని డాక్టరుగారు మాత్రలు రాసి ఉంటారు. ఈ రెండూ ఒకే ఇంట్లో జరగకూడదు. అందుకే ఈ పాఠం.

శనగల్లో ఏముంది?

మన లంక భూముల్లో వరి, కొబ్బరి, అరటి పండుతాయి గాని శనగ పండదు. దానికి నల్లరేగడి నేల, శీతకాలపు మంచు కావాలి. ప్రకాశం, నంద్యాల, కర్నూలు, అనంతపురం వైపు రైతులు రబీలో, చాలాచోట్ల నీరు పెట్టకుండానే దీన్ని పండిస్తారు. 1999లో విడుదలైన జె.జి.–11 అనే రకం వచ్చిన తరువాత అక్కడ శనగ సాగు బాగా పెరిగింది.

100 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పీచుపదార్థం, ఫోలిక్ ఆమ్లం, ఇనుము కూడా ఉంటాయి. మనం మూడు పూటలా తినేది అన్నం. అన్నంలో తక్కువగా ఉండే మాంసకృత్తుల భాగం పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువైనది అన్నంలో దొరుకుతుంది. కాబట్టి రెండూ కలిపి తింటేనే శరీరానికి పూర్తి బలం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ప్రతి 10 మందికి దాదాపు 6గురికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, ఎప్పుడూ నీరసం దాని గుర్తులు. "పని ఎక్కువై అలసిపోయాను" అని చాలామంది సర్దుకుపోతారు. అందరూ తిన్న తరువాత గిన్నెలో మిగిలింది తినే అలవాటు కూడా ఇందుకు ఒక కారణం.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. ఒక మంచి గుప్పెడు, అంటే 50 గ్రాముల ఎండు శనగలు ఇచ్చేది 2 నుండి 3 మిల్లీగ్రాములే. కాబట్టి ఆకుకూరలు, గుడ్లు, చేపలు కూడా తినాలి. డాక్టరు రాసిన ఇనుము మాత్రలు మానకూడదు. శనగలు మాత్రలకు తోడు మాత్రమే, బదులు కాదు.

వండే ముందు

1. శనగలు ఏరి, కడిగి, 8 నుండి 10 గంటలు నానబెట్టండి. నానిన నీళ్ళు పారబోసి మళ్ళీ కడగండి. కడుపుబ్బరం తగ్గుతుంది, ఇనుము ఒంటికి పట్టడం కొంత సులువవుతుంది.
2. ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయకండి. ఆ కట్టుతో చారు పెట్టుకోండి.
3. పది ఇళ్ళ నుండి వచ్చిన శనగలను ఒకే గిన్నెలో పోయకండి. కొన్ని నిన్న నానినవి, కొన్ని ఇవాళ్టివి అయి ఉంటాయి. పసుపు, కుంకుమ పోయేలా కడిగి ఆ రోజే ఉడికించండి. జిగురుగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా వాడవద్దు.

కారం వంటలు

కొబ్బరి గుగ్గిళ్ళు (ఐదుగురికి)

నల్ల శనగలు పావుకిలో నానబెట్టి, మునిగేంత నీరు పోసి కుక్కరులో 5 కూతలు రానివ్వండి. పాత శనగలైతే ఇంకో రెండు. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. మూకుడులో 2 చెంచాల నూనె వేసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయించి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప వేయండి. అవి మగ్గాక శనగలు, తగినంత ఉప్పు వేసి కలపండి. దించే ముందు పావు చిప్ప కొబ్బరి తురుము చల్లండి. పొయ్యి మీద నుండి దించిన తరువాతే నిమ్మరసం పిండండి. నిమ్మలోని సి విటమిన్ శనగల్లోని ఇనుమును శరీరం తీసుకునేలా చేస్తుంది, పొయ్యి మీద మరిగితే అది చాలావరకు పోతుంది.

మగ్గం ముందు కూర్చునేవారు సాయంత్రం నాలుగింటికి టీ, బజ్జీలకు బదులు ఈ గుగ్గిళ్ళు తినవచ్చు. టీ తాగాలంటే గంట ఆగండి. తిన్న వెంటనే తాగితే శనగల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

గోరుచిక్కుడు పాటోళి

పచ్చి శనగపప్పు ఒక గ్లాసు 2 గంటలు నానబెట్టి, నీరు వంచి, 4 ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో బరకగా రుబ్బండి. ఈ ముద్దను నూనెలో వేయించాలంటే చాలా నూనె పీలుస్తుంది. కాబట్టి ఇడ్లీ రేకుల్లో పెట్టి 12 నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చేత్తో పొడిపొడిగా చిదమండి. పావుకిలో గోరుచిక్కుడు ముక్కలు విడిగా ఉడికించండి. 3 చెంచాల నూనెతో తాళింపు పెట్టి, ముక్కలు, పొడి వేసి సన్నసెగ మీద 5 నిమిషాలు వేగనివ్వండి. అన్నంలోకి చాలా బాగుంటుంది.

తీపి వంట

పూర్ణం కుడుములు

పండుగకు గోదావరి జిల్లాల్లో పూర్ణం బూరెలు లేకుండా విస్తరి నిండదు. పప్పుకు సమానంగా బెల్లం వేసి, తోపులో ముంచి, నూనెలో వేయించడం మన అలవాటు. అదే పూర్ణాన్ని ఇలా చేయండి.

శనగపప్పు 200 గ్రాములు మెత్తగా ఉడికించి కట్టు వంచండి. పప్పు మెదిపి, 150 గ్రాముల బెల్లం తురుము, అర చిప్ప కొబ్బరి తురుము కలిపి సన్నసెగ మీద ముద్ద కట్టేదాకా తిప్పండి. ఏలకుల పొడి వేసి 15 ఉండలు చేయండి. ఉడికించిన బియ్యప్పిండి ముద్దను పలుచగా ఒత్తి, అందులో ఉండను మూసి, 10 నిమిషాలు ఆవిరి పట్టండి. వేయించే నూనె పూర్తిగా మిగిలిపోతుంది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 150 గ్రాముల బెల్లాన్ని 15 ఉండలకు పంచితే ఒక్కోదానిలో 10 గ్రాములు, అంటే రెండు చెంచాల పంచదారతో సమానం. మూడు తింటే ఆరు చెంచాలు.

"పంచదార మానేశానండీ, బెల్లమే తింటున్నాను" అని షుగరు జబ్బు ఉన్నవారు చాలామంది అంటారు. ఇది పొరపాటు. బెల్లం కూడా రక్తంలో షుగరును పంచదారలాగే పెంచుతుంది. అందులోని కొద్దిపాటి ఇనుము కోసం రోజూ బెల్లం తినడం మంచిది కాదు. షుగరు ఉన్నవారికి గుగ్గిళ్ళు మంచివి, ఎందుకంటే శనగలు నెమ్మదిగా అరిగి షుగరును నెమ్మదిగా పెంచుతాయి. అయితే గుగ్గిళ్ళు తిన్న పూట ఆ మేరకు అన్నం తగ్గించాలి.

జాగ్రత్తలు

• ఐదేళ్ళలోపు పిల్లలకు శనగలు, పుట్నాలు గింజలుగా పెట్టవద్దు. గొంతులో అడ్డుపడి ప్రాణం మీదకు రావచ్చు. ఉడికినవి మెదిపి పెట్టండి. పుట్నాలపప్పు మెత్తగా పొడి చేసి జావలో కలపవచ్చు.
• మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తినవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.
• మరీ పసుపుపచ్చగా మెరిసే శనగపిండి, విడి పిండి కొనకండి. రంగులు, కేసరిపప్పు పిండి కల్తీ చేసేవారున్నారు. కేసరిపప్పు ఎక్కువకాలం తింటే కాళ్ళు చచ్చుబడతాయి. శనగపప్పు కొని ఎండబెట్టి మర పట్టించుకోవడం మేలు.
• వండిన గుగ్గిళ్ళు ఎండాకాలంలో త్వరగా పాడవుతాయి. ఏ పూటకు ఆ పూట చేసుకోండి.

గుర్తుంచుకోవలసినవి

1. కారం వంట వారంలో మూడు నాలుగు రోజులు, తీపి వంట పండుగనాడు.
2. గుగ్గిళ్ళకు తోడు నిమ్మకాయ, టీకి గంట ఎడం.
3. మాత్రలు మానవద్దు.
4. గుగ్గిళ్ళు దించగానే ముందుగా అమ్మకు, గర్భిణికి, ఎదిగే ఆడపిల్లకు ఒక్కో గిన్నె తీసి పక్కన పెట్టండి. తరువాత మిగతావారికి వడ్డించండి.

ఈ వారం మీ ఇంట్లో

పై నాలుగో మాటను వారం రోజులు పాటించి చూడండి. అమ్మ వాటా గిన్నె ఎన్ని రోజులు నిజంగా అమ్మే తిన్నదో పిల్లలు కాలెండరు మీద గుర్తు పెట్టాలి. మీ ఇంట్లో ఎవరికైనా నీరసం, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి. హీమోగ్లోబిన్ స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాముల కన్నా తగ్గితే అది రక్తహీనతే. వైద్యం అవసరం.