ఆరి హెచ్చరించే దీపం

ఉద్దేశం
దాగి ఉన్న పేలుడు పదార్థాలను పసిగట్టడంలో కాంతి, సూక్ష్మరంధ్ర నిర్మాణం ఎలా తోడ్పడతాయో తెలియజేయడం.

పాఠ్యభాగం
యుద్ధం ముగిసినా మందుపాతర తన పగను మరువదు. సైన్యాలు వెనుదిరిగిన దశాబ్దాల తర్వాత కూడా నాగలి పట్టిన రైతులు, పశువులను మేపే పిల్లలు దానికి బలి అవుతూనే ఉన్నారు. కంబోడియా, అంగోలా, అఫ్ఘానిస్తాన్ దేశాల పొలాలే ఇందుకు సాక్ష్యం. మనుషులపై ప్రయోగించే మందుపాతరలను నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 1997లో కుదిరి, 1999లో అమలులోకి వచ్చింది. కాని అప్పటికే పాతిపెట్టిన వాటిని ఒప్పందాలు వెలికితీయలేవు. లోహాన్ని గుర్తించే పరికరానికి తుప్పు పట్టిన మేకుకూ మందుపాతరకూ భేదం తెలియదు. పైగా కొన్ని మందుపాతరలలో లోహం అత్యల్పం. అందుచేత లోపలి రసాయనాన్నే గుర్తించే సాధనం అవసరమైంది.

ఈ పనిలో జంతువుల ఘ్రాణశక్తి సాటిలేనిది. కంబోడియాలో వందకు పైగా మందుపాతరలను, పేలుడు వస్తువులను పసిగట్టిన మగావా అనే ఆఫ్రికా జాతి ఎలుకకు 2020లో బ్రిటన్‌కు చెందిన జంతు సంక్షేమ సంస్థ బంగారు పతకం ఇచ్చింది. అయితే జంతువు అలసిపోతుంది. దాని శిక్షణకు ఎంతో కాలం పడుతుంది. ముక్కు చేసే పనిని వెలుగుతో చేయించవచ్చునా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు.

కొన్ని కర్బన పదార్థాలు అతినీలలోహిత కిరణాలను గ్రహించి, కంటికి కనిపించే కాంతిని వెదజల్లుతాయి. ఇదే ప్రతిదీప్తి. కరెన్సీ నోట్లను పరీక్షించే దీపం కింద నోటులోని సన్నని పోగులు మెరవడం ఇందుకు ఉదాహరణ.

టి.ఎన్.టి.ని 1863లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు జూలియస్ విల్‌బ్రాండ్ మొదట తయారుచేసినప్పుడు అది పసుపుపచ్చని అద్దకపు రంగు మాత్రమే. దాని ప్రతి అణువులో మూడు నైట్రో సమూహాలున్నాయి. పేలడానికి కావలసిన ఆక్సిజన్‌ను అందించేవి అవే. ఎలక్ట్రాన్లను తమవైపు లాగుకొనేవీ అవే. ప్రతిదీప్తితో వెలుగుతున్న పదార్థాన్ని టి.ఎన్.టి. అణువు తాకగానే, అందులో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ దానివైపు తరలిపోతుంది, వెలుగు ఆరిపోతుంది. విధ్వంసానికి మూలమైన గుణమే దాగిన శత్రువును పట్టిస్తున్నదన్నమాట.

కాని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వందకోట్ల గాలి అణువుల నడుమ టి.ఎన్.టి. అణువులు పదికి లోపే ఉంటాయి. ఇంత స్వల్ప జాడను పట్టే మార్గాన్ని 1998లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో తిమోతీ స్వేగర్ బృందం చూపింది. వారు ప్రతిదీప్తి గల అణువులను పొడవైన గొలుసుగా కూర్చారు. గొలుసు పొడవునా శక్తి ప్రయాణిస్తుంది. ఒకే వరుసలో కలిపిన దీపతోరణంలో ఒక బల్బు మాడితే తక్కినవీ ఆరిపోయినట్లు, ఒక్క టి.ఎన్.టి. అణువు తగిలినా గొలుసులో చాలా భాగం చీకటవుతుంది. గొలుసులు ఒకదానికొకటి అతుక్కొని మసకబారకుండా వాటి మధ్య దృఢమైన, స్థూలమైన అణుభాగాలను నిలిపారు. అలా ఏర్పడిన ఖాళీలలోకి బాష్పం సులభంగా చొరబడుతుంది. ఈ సూత్రంతో రూపొందిన పరికరానికి అమెరికన్లు కుక్కలకు పెట్టుకొనే ‘ఫైడో’ అనే పేరు పెట్టారు.

ఖాళీల విలువ తెలిసిన తర్వాత రంధ్రమయ పదార్థాలపై దృష్టి పెరిగింది. 2005లో ఒమర్ యాఘీ బృందం కర్బన అణువులను తేనెపట్టువంటి చట్రాలుగా కూర్చింది. వాటిలో ఒకదాని ఒక గ్రాములో ఇమిడిన ఉపరితలం 1,590 చదరపు మీటర్లు. అంటే పన్నెండు కబడ్డీ కోర్టులంత! ఇటువంటి చట్రాలకు ప్రతిదీప్తిని జోడించి, నానో పరిమాణపు రేణువులుగా మలచి, నీటిలో కలిసిన పిక్రిక్ ఆమ్లం వంటి పేలుడు రసాయనాలను కూడా గుర్తిస్తున్నారు.

ఈ దీపానికీ హద్దులున్నాయి. ఆర్.డి.ఎక్స్. బాష్పం టి.ఎన్.టి. బాష్పం కంటె ఎంతో తక్కువ. పెరాక్సైడ్ జాతి పేలుడు పదార్థాలలో నైట్రో సమూహాలే లేవు. మరికొన్ని సాధారణ రసాయనాలు కూడా వెలుగును తగ్గించి భ్రమింపజేయవచ్చు. అందుకే పరిశోధన ఇంకా సాగుతున్నది. దీపం ఆరడాన్ని లోకం అశుభంగా భావిస్తుంది. ఇక్కడ మాత్రం ఆరిన దీపమే అడుగు వేయబోయే మనిషిని ఆపి, ప్రాణం నిలుపుతుంది.

పదాలు – అర్థాలు
ఘ్రాణశక్తి : వాసన పసిగట్టే శక్తి
బాష్పం : ఆవిరి
ఉత్తేజితం : అధిక శక్తిని పొందినది

ప్రశ్నలు
1. లోహాన్ని గుర్తించే పరికరం మందుపాతరల విషయంలో ఎందుకు చాలదు?
2. “విధ్వంసానికి మూలమైన గుణమే దాగిన శత్రువును పట్టిస్తున్నది” – వివరించండి.
3. దీపతోరణం పోలిక ద్వారా రచయిత చెప్పిన విషయమేమిటి?