‘క్లాసికుస్’ శబ్ద విచారము

2008వ సంవత్సరమున భారత ప్రభుత్వము తెలుగునకు ‘క్లాసికల్’ భాషా ప్రతిపత్తి నొసగినది. దానిని మనము ‘ప్రాచీన హోదా’ యని వ్యవహరించుచున్నాము. ఈ యనువాదము మూలశబ్దమున కెంత సమీపమో పరిశీలింపదగును.

మూలము లాటిను విశేషణమగు ‘క్లాసికుస్’. ‘క్లాసిస్’ అనగా వర్గము. (నౌకాదళ మనియు నర్థము కలదు, అది యిచట నప్రస్తుతము.) దానిపై చేరిన ‘ఇకుస్’ ప్రత్యయము మన ‘వైదిక’, ‘ధార్మిక’ శబ్దములందలి తద్ధితమును తలపించును. పుంలింగమున క్లాసికుస్, స్త్రీలింగమున క్లాసికా, నపుంసకమున క్లాసికుమ్. విశేష్యము ననుసరించి లింగవచనవిభక్తులు మారును. సంస్కృత విద్యార్థి కిది క్రొత్త గాదు. ఆంగ్లమున ‘అల్’ అను మఱియొక ప్రత్యయము చేరి ‘క్లాసికల్’ అయినది, రూపభేదములు లోపించినవి. మంచి బాలుడు, మంచి బాలికలు అన్నచోట మన ‘మంచి’ వలె నది మాఱక నిలుచును.

రోమను పౌరులను ఆస్తినిబట్టి ఐదు వర్గములుగా విభజింపగా, 1,25,000 ఆస్ నాణెములకు తక్కువగాని యాస్తి గల ప్రథమవర్గీయులే క్లాసికు లనబడిరని 2వ శతాబ్దివాడగు ఔలుస్ గెల్లియుస్ వ్రాసెను. ఆ గ్రంథమందే యీ శబ్దము రచయితకు విశేషణమైనది. ‘ఇసుక’ అను నర్థము గల పదము బహువచనమున చెల్లునా యన్న చర్చలో, క్లాసికుస్ అగు రచయిత ప్రయోగమును వెదకుమని చెప్పబడినది. పూర్వులన్న భావ మచటను కలదు గాని, దానిని చెప్పినది వేఱొక పదము. క్లాసికుస్ తెలుపునది ప్రామాణ్యమును. పతంజలియు సాధుశబ్ద నిర్ణయమునకు శిష్టుల నాశ్రయించెను. అయితే ఆయన శిష్టులు కుండెడు ధాన్యముతో తృప్తినొందు లోభరహితులగు ఆర్యావర్త బ్రాహ్మణులు. రోమున గీటురాయి యాస్తి!

ఈ భేదము మన జిల్లాకు మిక్కిలి సంబంధించినది. కరీంనగరు జిల్లా గంగాధర మండలమందలి కురిక్యాల చెంత బొమ్మలమ్మగుట్టపై, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945 ప్రాంతమున చెక్కించిన త్రిభాషా శాసనము కలదు. అందు సంస్కృత కన్నడములతోపాటు మూడు తెలుగు కందములున్నవి. వయస్సే ప్రమాణమైనచో 6వ శతాబ్ది నాటి రేనాటి చోళుల గద్యశాసనములు వీనికంటె పెద్దవి. కురిక్యాల కందముల గౌరవము వేఱు. నన్నయకు సుమారు నూఱేండ్లు పూర్వమే తెలుగు లక్షణబద్ధమగు పద్యమున నొదిగెనని యవి చూపుచున్నవి. ‘ప్రాచీన’ మన్నచో నీ గుణము మఱుగుపడును.

తమిళులు ‘సెమ్మొళి’ యనిరి. సంస్కరింపబడిన వాక్కని దాని భావము. మనకు ‘శిష్ట’ శబ్దము మూలార్థమునకు సన్నిహితమే గాని, వ్యావహారిక వాదమునందు దాని కిదివఱకే వేఱు రూఢి యేర్పడినది. కావున ‘విశిష్ట భాష’ యనుట మేలు. ఇది శాసు ధాతుజమగు శిష్టము గాక, శిష్ ధాతుజమని మాత్రము విద్యార్థులు గుర్తింపవలయును.