వెనక తీగల వాద్యం

తొమ్మిదో తరగతిలో వాద్యాల పేర్లు చెప్పుకుంటున్నాం. తత, సుషిర, అవనద్ధ, ఘన అని మన పెద్దలు వాటిని నాలుగు రకాలుగా విభజించారు. బోర్డు మీద "తత" అని రాయగానే వెనక బెంచీలో నవ్వులు. జంషెడ్‌పూర్‌లో ఆ శబ్దం వింటే ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది మరి! ఇక్కడ తతం అంటే సాగదీసి కట్టినది, అంటే తీగల వాద్యం.

వీణ, వయొలిన్, గిటారు పిల్లలే చెప్పారు. వారు వినని ఒక పేరు మేం చెప్పాం: బారిటన్.

ఇది ఒకప్పుడు యూరప్‌లో వాయించిన వాద్యం. ముందు వైపు ఆరో ఏడో నరపు తీగలు ఉంటాయి. వాటిని కమానుతో వాయిస్తారు. మెడ వెనక లోహపు తీగల వరుస మరొకటి. ముందు తీగలు మోగితే ఇవి వాటంతట అవే కంపిస్తాయి. సైన్సు పాఠంలో చదివిన అనునాదం ఇదే. అంతటితో అయిపోలేదు. ఎడమచేతి వేళ్లు ముందు స్వరాలు పట్టుకుంటూ ఉండగానే, అదే చేతి బొటనవేలు వెనక తీగలను మీటాలి. ఒక్క చేతికి రెండు పనులు! మన వీణలోనూ ఇలాంటిదే ఉంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మెట్ల మీది 4 తీగలను మీటుతుంటే, చిటికెనవేలు పక్కనున్న 3 తాళపు తీగలను చూసుకుంటుంది.

హంగరీకి చెందిన నికోలాస్ ఎస్టర్‌హాజీ ప్రభువుకు ఈ బారిటన్ అంటే ప్రాణం. ఆయన కొలువులో ఉన్న సంగీతకర్త జోసెఫ్ హైడన్‌కు 1765లో ఒక ఆదేశం వెళ్లింది: ప్రభువు వాయించుకోవడానికి ఇంకా ఎక్కువ రచనలు చేయాలని. ఆఫీసు ఆర్డర్లు అందుకునే మాలాంటివారికి ఆ ఇబ్బంది తెలుసు. హైడన్ మాత్రం పదేళ్లలో 120కి పైగా త్రయాలు రాసి ఇచ్చాడు. త్రయం అంటే ముగ్గురు వాయించే రచన. ఎక్కువ వాటిలో బారిటన్‌కు తోడు వయోలా, చెల్లో ఉంటాయి. వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, చెల్లోను కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. వెనక తీగల శ్రుతిని మాటిమాటికీ మార్చడం కష్టం. అందుకే ఈ త్రయాలు చాలావరకు కొద్ది శ్రుతుల్లోనే తిరుగుతాయి.

తర్వాత ప్రభువు మనసు ఒపేరా మీదికి మళ్లింది. బారిటన్ త్రయాలు ఆగిపోయాయి. కొంతకాలానికి ఆ వాద్యాన్ని వాయించేవారే కరువయ్యారు. అయినా సంగీతం పోలేదు, కాగితం మీద ఉంది కనుక. బారిటన్ భాగాన్ని వేరే వాద్యాలకు మార్చి వాయించుకున్నారు. 20వ శతాబ్దంలో కొందరు ఆ వాద్యాన్నే మళ్లీ తయారు చేయించుకుని నేర్చుకున్నారు.

ఇంతవరకు చెప్పేసరికి ఒక అమ్మాయి లేచింది. "సార్, మా ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టాం."

"ఎవరు వాయిస్తారమ్మా?"

"మామ్మ వాయించేది. ఇప్పుడు వేళ్లు వంగట్లేదు."

ఈ ఊరి తెలుగు కుటుంబాల్లో చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. ఏకాండీ వీణ అంటే ఒకే దుంగతో చేసినది. ఎన్నో ఊళ్లు బదిలీ మీద తిరిగాం కానీ, బీరువా మీది వీణ గురించి విన్నది ఇక్కడే.

మామ్మకు వచ్చిన పాటలు ఎక్కడైనా రాసి ఉన్నాయా అని అడిగాం. లేవట. ఆమె పాడుతుంటే రాసుకురమ్మన్నాం. వారం తర్వాత ఆ అమ్మాయి నోట్‌బుక్ తెచ్చింది. స్వరాలన్నీ హిందీ అక్షరాల్లో ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో మళ్లీ రాయించాం. గీతం రెండో పాదంలో ఒక స్వరం దగ్గర అనుమానం వచ్చింది. "మామ్మను అడిగి రేపు చెప్తాను సార్" అంది.